అధిశోషణము: ఒక పారిభాషిక పదమును గూర్చి విమర్శ

శాస్త్రపదములు శాస్త్రజ్ఞులు తమ యవసరమునకై చేసికొన్నవే యైనను, అవి తెలుగు వాక్యమున నిలిచి పలుకవలసి వచ్చినపుడు వాని మంచిచెడ్డలు విచారించుట భాషాశాఖల వారి పనియు నగును. ఆ యధికారముతోనే భౌతిక రసాయనశాస్త్రమున ఒక చిన్న విభాగపు పరిభాషను ఇక్కడ పరిశీలింప బూనితిని. ఘనపదార్థముల ఉపరితలములపైనను, వాని లోపలను అణువులు, పరమాణువులు ఎట్లు వచ్చి పోవుచున్నవి, ఎట్లు చోటు మారుచున్నవి యను విచారణ ఆ విభాగమునకు విషయము. ప్రధానముగా నేను తీసికొన్నది ఒక్క పదము: అధిశోషణము.

ఇంటర్మీడియేటు రసాయనశాస్త్రము చదివిన వారి కీపదము పరిచితమే. వాయువు యొక్కయో ద్రావణము యొక్కయో అణువులు ఘనపదార్థపు పైభాగమున మాత్రమే చేరియుండుట అధిశోషణము. లోపలికి ఇంకి అంతట వ్యాపించుట శోషణము. ఈ భేదమును విద్యార్థి కంఠస్థము చేయును, పరీక్షలో వ్రాయును, మార్కులు పొందును. నిర్వచనము తప్పని నా యాక్షేపము కాదు. అందులో కాలము లేదని నా యాక్షేపము. ఈ శాస్త్రమునకు ప్రాణమైన రాకపోకలు, నిలుకడ, జరుగుబాటు ఆ పదమున గాని, దానిని వివరించు వాక్యమున గాని ఎచ్చటను వినబడవు.

పదచరిత్రను కొంచెము చూడవలెను. బొగ్గు వాయువులను పట్టి యుంచునని 18వ శతాబ్దముననే షీలే, ఫొంటానా మొదలగువారు ప్రయోగములు చేసి చూపిరి. కాని ఆ వ్యాపారమునకు ప్రత్యేకముగా ఒక పేరు వచ్చినది 1881లో. జర్మను శాస్త్రజ్ఞుడు హైన్రిచ్ కైజర్ ‘అడ్సార్ప్షన్’ అను మాటను వాడెను; దానిని సూచించినవాడు శరీరధర్మ శాస్త్రవేత్త యైన ఎమిల్ ద్యుబ్వా రేమాన్. పీల్చుట యను అర్థము గల లాటిన్ ధాతువునకు ‘దగ్గరకు’ అను అర్థమిచ్చు ఉపసర్గను చేర్చగా ఈ మాట యేర్పడినది. 1909లో మక్‌బేన్ అను శాస్త్రజ్ఞుడు, లోపలికి పోవుటయో పైన నిలుచుటయో తేల్చి చెప్పలేని సందర్భముల కొరకు, ఉపసర్గను తీసివైచి ఉత్త ‘సార్ప్షన్’ అను మాటను ప్రతిపాదించెను. అనగా ఆ భాషలలోనే ఈ పదము మొదటి నుండియు ఇరుకున పడినది. పీల్చుట యనిన లోపలికే గదా! లోపలికి పోనిదానికి పీల్చుట అను ధాతువునే తీసికొని, ఉపసర్గతో దానిని గడప దగ్గర ఆపవలసి వచ్చినది.

మనవారు దీనిని సంస్కృతీకరించునపుడు ఇరుకు మరికొంత పెరిగినది. శోషణమునకు మూలమైన ‘శుష్’ ధాతువునకు పీల్చుట కూడ ముఖ్యార్థము కాదు, ఎండుట ముఖ్యార్థము. మన్మథుని యైదు బాణముల ప్రభావములలో శోషణ మొకటి. అచ్చట విరహి యెండిపోవుచున్నాడే కాని యేదియు పీల్చుకొనుట లేదు. ఎండినది తడిని గ్రహించును గనుక లక్షణచే పీల్చుటకు వచ్చినదని సమర్థింపవచ్చును. ‘అధి’ యను ఉపసర్గ ‘పైన’ అను అర్థమును చక్కగానే యిచ్చుచున్నది. అధిరోహణము, అధిష్ఠానము మొదలగునవి తార్కాణములు. ఈ ఉపసర్గను ఎన్నుకొన్నవారి వివేకమును మెచ్చుకొనవలెను. చిక్కు దీని ప్రతిపక్షమున వచ్చినది. పైన నిలిచిన అణువు విడిపోవుటకు ‘విశోషణము’ అని వాడుచున్నాము. సంస్కృతమున విశోషణ మనగా బాగుగా ఎండించుట. అక్కడి ‘వి’ వియోగమును గాక ఆధిక్యమును చెప్పుచున్నది. అందుచే అంటుట ఒక ఎండుట, విడుట మరింత ఎండుట యైనవి! రెంటికిని నడుమ నున్న వ్యతిరేకతను పదములు చెప్పలేవు, ఉపాధ్యాయుడు చెప్పవలెను.

పదవ్యుత్పత్తితో శాస్త్రమును కొలువరాదని కొందరనవచ్చును. అది నిజమే. రూఢి పొందిన పదమునకు వ్యుత్పత్తి అడ్డురాదు. కాని రూఢి యేయర్థమున స్థిరపడినదో చూడవలెను గదా. ఇక్కడ రూఢి స్థిరపడినది ఒక స్థితిలో. శాస్త్రము చెప్పుచున్నది ఒక గతిని.

ఇర్వింగ్ లాంగ్మ్యూర్ అమెరికాలో స్కెనెక్టడీ పట్టణమున జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధనశాలలో విద్యుద్దీపములలోని టంగ్‌స్టన్ తీగెలపై వాయువుల ప్రవర్తనను పరిశీలించుచు ఉపరితల రసాయనమునకు పునాది వేసెను. 1916, 1918 సంవత్సరములలో ఆయన ప్రకటించిన వ్యాసములు ప్రసిద్ధములు. 1932లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆయన చూపిన సంగతి ఇది. ఉపరితలమును తాకిన అణువు బంతివలె వెంటనే వెనుకకు ఎగురదు. సాధారణముగా అది అక్కడ కుదురుకొని, కొంతసేపు నిలిచి, తరువాత ఆవిరియై పోవును. కుదురుకొనుటకును పోవుటకును నడుమ గల ఆ యాలస్యమే అధిశోషణము. ఆలస్యము లేనిచో అధిశోషణమే లేదు. మన పాఠములలో కనబడు లాంగ్మ్యూర్ సమీకరణము ఈ భావము నుండియే పుట్టినది: వచ్చువాని సంఖ్య పీడనమును, ఖాళీగా నున్న చోటును బట్టి యుండును; పోవువాని సంఖ్య నిండిన చోటును బట్టి యుండును; రెండును సమానమైనపుడు ఉపరితలము మారనట్లు కనబడును. కనబడుట మాత్రమే. వచ్చుచు పోవుచు నుండుట ఆగలేదు.

ఆ యాలస్య మెంత? దీనికి ఫ్రెంకెల్ 1924లో ఇచ్చిన సూత్రము మిక్కిలి సరళమైనది. ఉపరితలమునంటిన అణువు ఒకమారు కంపించుటకు పట్టు కాలము సెకనులో పది లక్షల కోట్ల వంతు అనుకొందము. దానిని విడదీయుటకు మోలు ఒక్కింటికి 40 కిలోజౌళ్ళ శక్తి కావలసినచో, 300 కెల్విన్ల ఉష్ణోగ్రతవద్ద అది సగటున నిలుచునది సెకనులో సుమారు పది లక్షల వంతు. శక్తి రెట్టింపై 80 కిలోజౌళ్ళయినచో నిలుకడ రెట్టింపు కాదు. సుమారు 8 సెకనులగును. 100 అయినచో 7 గంటలు. 120 అయినచో రెండున్నర యేండ్లు! ఇవి నాలుగును ఒకే సూత్రమునకు లోబడిన సంగతులు. మన భాషలో నాలుగింటికిని అధిశోషణమనియే పేరు. భౌతికము, రసాయనికము అను విశేషణములను చేర్చి రెండు పాయలుగా విడదీయుచున్నాము గాని, ఆ విశేషణములు బంధస్వభావమును చెప్పునే గాని కాలమును చెప్పవు. 1953లో డి బోయర్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఒక గ్రంథము వ్రాసి, దానికి అధిశోషణము యొక్క చలనశీలత యను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ భావమును పుస్తకపు నుదుటనే చాటవలసి వచ్చినదన్నచో, పదము దానిని ఎంతగా కప్పివైచెనో యూహింపవచ్చును.

తెలుగున రాక, నిలుకడ, పోక మూడును ఒక్క మాటలో ఇమిడియున్న పదమొకటి కలదు: మజిలీ. అన్యదేశ్యమే గాని మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల వలన తెలుగువారి యింటిమాట యైనది. మజిలీ యనగానే యాత్రికుడు ఎక్కడనుండియో వచ్చెననియు, ఎక్కడికో పోవుననియు వినువానికి తెలియును, ఎవరును చెప్పనక్కరలేదు. అధిశోషణమునకు బదులు మజిలీ యను పదమును పరిభాషగా నిలుపుడని నేననుట లేదు. ఆ పని రసాయనశాస్త్రజ్ఞులకు నవ్వు తెప్పించును. అదియును గాక రెండున్నర యేండ్లు కదలనివాడు బాటసారి యనిపించుకొనుట కష్టము. నిర్వచనము ప్రక్కన వివరణ వాక్యమున ఈ మాటకు చోటీయవచ్చుననియే నా తాత్పర్యము.

పారిభాషిక పదము తరువాత విమర్శింపవలసినది ఉపమానము. 1922లో ప్లాటినముపై జరుగు చర్యలను గూర్చి వ్రాయుచు లాంగ్మ్యూర్, నిజమైన ఉత్ప్రేరకముల నిర్మాణము మిక్కిలి జటిలము గనుక ముందుగా సమతల ఉపరితలమును తీసికొందమనియు, దానిని గళ్ళ పలకవలె భావింపవచ్చుననియు సూచించెను. ఆలంకారికుల పద్ధతిలో చూచినచో ఉపరితలము ఉపమేయము, చదరంగపు పలక ఉపమానము. గళ్ళు లెక్కకు వచ్చుట, గడికొక్క కాయ యే పట్టుట సాధారణ ధర్మములు. ఈ రెండు ధర్మముల వలననే సమీకరణము సిద్ధించినది. ఇంత ఫలమిచ్చిన ఉపమ శాస్త్రవాఙ్మయమున అరుదు. అయినను ప్రతి ఉపమానమునను ఉపమేయమునకు లేని ధర్మములు కొన్ని వెంట వచ్చును. చదరంగమున కాయలే కదలును, పలక కదలదు. కాయలను కదపువాడు పలకకు వెలుపల నుండును. ఈ రెండును ఉపరితలమునకు పొసగవు.

రెండవది ముందు చెప్పెదను. అంటిన పరమాణువును కదపువాడు వేరొకడు లేడు. ఉష్ణమే దానిని కదపును. 1955లో ఎర్విన్ మ్యూలర్ తన శిష్యుడైన కన్వర్ బహదూరుతో కలిసి పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున క్షేత్ర అయాన సూక్ష్మదర్శినితో టంగ్‌స్టన్ సూది మొనపై పరమాణువులను విడివిడిగా చూపెను. అదే విధమగు పరికరముతో 1966లో ఎర్లిక్, హుడ్డా అను వారలు టంగ్‌స్టన్ ఉపరితలముపై ఒంటరి పరమాణువు ఒక గుంట నుండి మరియొక గుంటకు దాటుట గమనించిరి. ఆ పరమాణువు మెట్టు అంచు దగ్గరకు వచ్చి, క్రిందికి దిగక, వెనుకకు మరలును. సమతలమున తిరుగుట కంటె అంచు దాటుట దానికి కష్టము. ఇట్టి చోట్ల నాకు చదరంగము కంటె మన వామనగుంటల పీట మేలని తోచుచున్నది. లోహముల ఉపరితలమున పరమాణువులు తరచు నిలుచునది గడిలో కాదు, చుట్టునున్న పరమాణువుల నడుమ ఏర్పడిన పల్లమున. గుంట నుండి గుంటకు పోవుటకు నడుమ గట్టు దాటవలెనను భావము ఆ పీటను చూచిన పిల్లవానికి వెంటనే తట్టును. దీనికిని దోషము కలదు. వామనగుంటలలో ఒక్క గుంటలో గింజలెన్నియైనను వేయుదురు, ఇక్కడ ఒక్కటే. ఆడువాని చేయి యిందును తప్పలేదు.

ఇక పలక కదలకుండుటను గూర్చి. ఈ దోషము పెద్దది. ఇది బయటపడుటకు లాంగ్మ్యూర్ తరువాత అర్ధశతాబ్దికి పైగా పట్టినది. పదిలక్షలలో ఒక టార్ వంతు పీడనమున్నను, తాకిన ప్రతి అణువును నిలిచిన యెడల, ఒక్క సెకనులోనే ఉపరితలము కప్పబడిపోవును. అందుచే శుద్ధమైన ఉపరితలమును చూడవలెనన్నచో మిక్కిలి గాఢమైన శూన్యము కావలెను. అట్టి శూన్యమును సాధించు పరికరములు వచ్చిన పిమ్మట బెర్లినులోని ఫ్రిట్జ్ హాబర్ సంస్థలో గెర్హార్డ్ ఎర్టిల్, ఆయన సహచరులు ప్లాటినముపై కార్బన్ మోనాక్సైడు ఆమ్లజనితో కలియుటను పరిశీలించిరి. ప్లాటినపు ఒకానొక ముఖము శుద్ధముగా నున్నపుడు దానిపై పరమాణు పంక్తులలో ఒకటి విడిచి ఒకటి లోపించియుండును. కార్బన్ మోనాక్సైడు తగినంత అంటగానే ఆ పంక్తులు సర్దుకొని నిండు వరుసలగును. నిండు వరుసలపై ఆమ్లజని యెక్కువగా నిలుచును. నిలిచి కార్బన్ మోనాక్సైడును హరించును. అది తరుగగానే వరుసలు మరల లోపించును. ఇట్లు చర్యావేగము పెరుగుచు తరుగుచు ఊగిసలాడును. 1990లో ప్రకటించిన చిత్రములలో ఆ ముఖముపై సుడులు తిరుగు తరంగములే కనబడినవి. పలక కాయలను బట్టి మారుచున్నది, కాయలు పలకను బట్టి కదలుచున్నవి. ఎర్టిలునకు 2007లో నోబెల్ బహుమానము వచ్చినపుడు తన యుపన్యాసమున ఆయన లాంగ్మ్యూర్ చెప్పిన గళ్ళ పలకను స్మరించుట గమనింపదగినది. పూర్వుని ఉపమానమును త్రోసివేయక, దాని హద్దును చూపి ముందునకు సాగినాడు. సాహిత్య విమర్శకులము మనము పూర్వోపమలను ఇంత మర్యాదతో చూచుట అరుదు.

ఈ గతిని తెలుగు వాక్యము చెప్పగలదా? నా సమాధానము: పదము చెప్పలేనిది వాక్యము చెప్పగలదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున క్త్వార్థకమని, శత్రర్థకమని వ్యవహరించిన అసమాపక క్రియలు ఇందుకు తగిన సాధనములు. ‘అణువు వచ్చి, నిలిచి, జరిగి, పోవును’ అన్నచో నాలుగు దశలు వరుసగా తెలిసినవి. ‘వచ్చుచు పోవుచు నుండును’ అన్నచో సమతాస్థితి తెలిసినది. ‘దిగక మరలును’ అన్నచో అంచు దగ్గరి యవరోధము తెలిసినది. ఇంగ్లీషు వ్యాసమున ఈ దశలు నామములై, ఒకదాని వెనుక ఒకటి కూడ్చిన పెట్టెలవలె నుండును. మనవారు వానిని అనువదించుచు ‘అధిశోషణము, ఉపరితల వ్యాపనము, చర్య, విశోషణము అను దశలు జరుగును’ అని వ్రాయుచున్నారు. ఆ వాక్యమున క్రియ యున్నది గాని కదలిక లేదు.

ఈ సాధనమునకును ఒక హద్దు కలదు, అది నాకు మరింత ముఖ్యముగా తోచినది. క్త్వార్థకమునకు సమానకర్తృకత్వము నియమము. వచ్చినవాడే నిలువవలెను, నిలిచినవాడే పోవలెను. ఉత్త రాకపోకలలో ఈ నియమము చక్కగా సాగును. రసాయన చర్య వచ్చినచోట తెగిపోవును. అమోనియా తయారగు క్రమమును చూడుడు. నత్రజని అణువు ఇనుముపై బడి రెండు పరమాణువులుగా విడివడును. లక్షలాది తాకిడులలో ఏ యొక్కటియో ఇట్లు ఫలించును గనుక చర్యాక్రమమున ఇదియే మిక్కిలి మందమైన దశ. విడివడిన ఒక్కొక్క పరమాణువు ఉదజని పరమాణువులను ఒకటొకటిగా మూటిని గ్రహించి అమోనియాయై వెడలును. దీనిని ‘నత్రజని వచ్చి, విడివడి, ఉదజనిని గ్రహించి, అమోనియాయై పోవును’ అని ఒక్క వాక్యమున వ్రాసినచో వినసొంపుగనే యుండును. కాని కర్త యెవరు? వచ్చినది ఒకటి, నిలిచినవి రెండు, పోయినవి మరి రెండు, వానిలో వచ్చినది లేదు. వ్యాకరణము ఇచ్చట అడ్డుపడుట లోటు కాదు. కర్త మారినచోట వాక్యము విరుగవలెను. విరిగినచోటనే బంధము విరిగినదని విద్యార్థి గ్రహించును. ఒక్కొక్కమారు తప్పు వాక్యమును వ్రాయించి, కర్త యెక్కడ జారిపోయెనో చూపించుట మంచి పాఠమగును.

ఘనపదార్థముల లోపలి సంగతి సంక్షేపముగా చెప్పెదను. ఘనమనగా కదలనిదని మన భాషాసంస్కారము. రాబర్ట్స్ ఆస్టెన్ 1896లోనే ఘనమైన సీసములో బంగారము వ్యాపించు వేగమును కొలిచి చూపెను. పరమాణువులు చోటు మారవలెనన్నచో ఎక్కడనో ఖాళీ యుండవలెను. అట్టి ఖాళీలను, తప్పుచోట ఇరికిన పరమాణువులను ఫ్రెంకెల్, షాట్కీ మొదలగువారు సిద్ధాంతీకరించిరి. వీనికి మన పరిభాషలో బిందులోపములని పేరు. లోపమను మాట వినగానే ఉండరానిదేదో యున్నదని భావము కలుగును. 1947లో స్మిగెల్‌స్కాస్, కిర్కెండాల్ అనువారు ప్రకటించిన ప్రయోగమున ఇత్తడికి గుర్తుగా మాలిబ్డినపు తీగెలు చుట్టి, పైన రాగి పూత పూసి, కాచి చూడగా, తీగెలు లోపలికి జరిగినట్లు తేలినది. తుత్తునాగము బయటికి పోవు వేగము రాగి లోపలికి వచ్చు వేగము కంటె అధికమని దీని తాత్పర్యము. పరమాణువులు జంటలుగా చోట్లు మార్చుకొనుననిన పాత భావన ప్రకారము తీగెలు జరుగనే జరుగవు. ఖాళీల ద్వారా కదలిక జరుగుననుటకు ఇది బలమైన సాక్ష్యమైనది. మొదట సందేహించిన లోహశాస్త్రజ్ఞులును తరువాత అంగీకరింపవలసి వచ్చినది. స్ఫటికమున లోపములు లేనిచో ఈ వ్యాపనము నిలిచిపోవును. దోషమే సందర్భవశమున గుణమగునని మన ఆలంకారికులు చెప్పియున్నారు. కావ్యవిద్యార్థికి ఇది క్రొత్త గాదు. లోపమను పదమును మార్చుట అనవసరము, ఈ పోలికను పాఠమున చూపినచో చాలును.

ఉత్ప్రేరకమను పదమును గూర్చియు ఒక్క మాట. ప్రేరేపించువాడు వెలుపల నిలిచి ముందుకు త్రోయునను ధ్వని దీనిలో కలదు. ‘ఉత్ప్రేరకము చర్యలో పాల్గొనదు’ అని తరగతులలో తరచు వినిపించు వాక్యమునకు ఈ ధ్వనియు కొంత కారణమని నా యభిప్రాయము. ఇనుము నత్రజని పరమాణువులతో బంధము కల్పించుకొని, తరువాత విడిచిపెట్టుచున్నది. పాల్గొనును, కాని వ్యయము కాదు. ఈ రెండింటికిని భేదము చెప్పక విడిచిన పాఠము అసంపూర్ణము.

కొలతకు, పట్టికకు, సమీకరణమునకు నామవాచకము కావలెననుట నిశ్చయము. అధిశోషణము, విశోషణము అను పదములు పాతుకొనిపోయినవి. వానిని పెరికివేయుట పరిశోధక విద్యార్థుల తరము కాదు, అవసరమును కాదు. సవరింపదగినది నిఘంటువులలోను, పాఠ్యపుస్తకములలోను వాని క్రింద వ్రాయు వివరణము. ‘ఉపరితలముపై అణువులు గుమిగూడుట’ అను వివరణమునకు బదులు నేను సూచించునది ఇది: ‘వాయువు నుండి గాని ద్రావణము నుండి గాని అణువులు వచ్చి ఘనపదార్థపు ఉపరితలమున కొంతకాలము నిలిచి, అంతలో చోటు మారుచు, మరల పోవుచు నుండుట, నిలుచు కాలము బంధశక్తిని, ఉష్ణోగ్రతను బట్టి యుండును.’ వాక్యము దీర్ఘమైనదని పరిష్కర్తలు కుదింపవచ్చును. కుదించునపుడు ‘కొంతకాలము’ అను మాటను మాత్రము విడిచిపెట్టకుందురుగాక.